మందు బిళ్ల మా గూడెం దాకా రావాలి



బొర్రా అనగానే బయటివాళ్లకి గుహలు గుర్తొస్తాయి. నాకు మా పెదనాన్న కాలు గుర్తొస్తుంది. సుగర్ అని చెప్పి నెలకి సరిపడా బిళ్లలిచ్చారు. అయిపోయాయి. మళ్లీ తెచ్చుకోవాలంటే కొండ దిగాలి, ఆటో దొరకాలి, ఒకరోజు కూలి పోవాలి. "ఒళ్లు బాగానే ఉంది కదరా" అని మానేశాడు. పాదంలో ముల్లు దిగినా తెలీలేదు, అప్పటికే స్పర్శ పోయింది. పుండు ముదిరాక డోలీలో దించాం. రెండు వేళ్లు తీసేశారు.

కొండలెక్కి దిగేవాళ్లకి సుగరేంటని మనవాళ్లే నవ్వుతారు. చోడి అంబలి, సామలు పోయి పూటపూటా రేషన్ బియ్యమే అయ్యాక ఆ మాట ఇంకా చెల్లుతుందా?

గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్, 20,000 మందికి ఒక పీహెచ్‌సీ అని సర్కారు లెక్క. ఆ 3,000 మంది ఎన్ని కొండల మీదున్నారో లెక్కలో లేదు. 104 బండి కూడా రోడ్డున్నంత వరకే వస్తుంది. ఆ తర్వాత నడిచొచ్చేది ఆశా అక్క ఒక్కతే.

30 ఏళ్లు దాటినవాళ్లందరి ఫారం నింపేది ఆమే. చుట్ట, సారా, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా సుగరుందా, అన్నీ అడిగి మార్కులేస్తుంది. 4 దాటితే ముందు వాళ్లని పరీక్షకి పంపాలి. బాగుంది. ఆ తర్వాత? ఎవరి బిళ్లలు అయిపోయాయో, ఎవరు మానేసి పసరు తాగుతున్నారో ఆమెకి తెలుసు. కువిలోనో కొటియాలోనో నచ్చజెప్పగలిగేదీ ఆమే. మా గూడెంలో ఆమె చేతిలో ఫారాలున్నాయి గానీ గ్లూకోమీటర్ లేదు, బిళ్లల డబ్బా లేదు.

డాక్టర్ పని ఆశాకి ఇమ్మని నేననడం లేదు. డాక్టర్ రాసిన బిళ్లలు నెలనెలా ఇంటికి తెచ్చివ్వాలి, వేలు గుచ్చి సుగర్ చూడాలి, పాదాలు చూడాలి. తేడా ఉంటే ఏఎన్ఎంకి ఫోన్ చెయ్యాలి. ఆమె రాసిన పుస్తకం పీహెచ్‌సీలో డాక్టర్ తెరిచి చదవాలి. చదవకపోతే అదింకో ఫారమే. ఈ పనికి వేరే డబ్బు కూడా ఇవ్వాలి. 2019లో జీతం 10,000 చేశారు కదా అని ప్రతి కొత్త పనీ ఆ పదివేలలోనే తోసేస్తామంటే కుదరదు.

ఇంకో సంగతి, ఇది చదువుకున్నవాళ్లు బాగా వినాలి. మూడు నెలల సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష సికిల్ సెల్ ఉన్నవాళ్లలో తప్పు చూపించొచ్చు. సికిల్ మన దగ్గర ఉంది. 2023 జులైలో సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు సంగతీ, ఈ సుగర్ సంగతీ రెండూ తెలిసిన మనిషి ఆ ఇంటికెళ్లే ఆశాయే. ఆమె చెప్పకపోతే డాక్టర్‌కి ఎవరు చెప్తారు?

వచ్చే గ్రామసభకి మీ గూడెంలో బిళ్లలు ఎవరు వేసుకుంటున్నారో, ఎవరు ఎందుకు మానేశారో రాసుకుని రండి. మా గూడెంలో ఆశా అక్క, నేను కలిసి రాయడం మొదలుపెట్టాం. మొదటి పేరు మా పెదనాన్నది.

జై ఆదివాసీ.