సూత్రమా, స్వరమా?
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు మాధ్యమ పాఠశాల పండుగలో సినిమా కథల ప్రసక్తి ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. కాని ఈ చెన్నపట్టణంలో తెలుగు చదువుకు, తెలుగు సినిమాకు ఉన్న ఇరుగుపొరుగుతనం పాతది. వడపళనిలోని వాహినీ స్టూడియో మొదలైన చోట్ల దశాబ్దాల పాటు తెలుగు చిత్రాలు రూపు దిద్దుకున్నాయి. వాటికి కథలు, మాటలు సమకూర్చిన రచయితలు తమిళం వినిపించే వీధులలో నివసిస్తూ తెలుగు వ్రాశారు. ఇంటి భాష ఒకటి, వీధి భాష వేరొకటి అయిన చోట తన పలుకును తాను ఎలా నిలుపుకోవాలన్న చింత ఆనాటి ఆ రచయితలకూ, ఈనాటి ఈ బడి పిల్లలకూ ఉమ్మడిది. కాబట్టి చలనచిత్ర కథారచయిత నలుగురూ ఆమోదించిన సూత్రాన్ని అనుసరించాలా, లేక తన స్వరాన్నే నమ్ముకోవాలా అన్న విచారణ ఇక్కడ అప్రస్తుతం కాబోదు.

సూత్రం అనగానే నేడు హాలీవుడ్ గుర్తుకు వస్తుంది. 1979లో సిడ్ ఫీల్డ్ అనే అమెరికన్ రచయిత స్క్రీన్‌ప్లే రచనపై ఒక గ్రంథం ప్రచురించాడు. పుట ఒక్కింటికి ఒక నిమిషం చొప్పున సుమారు 120 పుటల రచనను మూడు అంకాలుగా విభజించి, తొలి 30 పుటలలో పరిచయం, నడిమి 60 పుటలలో సంఘర్షణ, చివరి 30 పుటలలో పరిష్కారం ఉండాలని ఆయన బోధించాడు. 2005లో బ్లేక్ స్నైడర్ మరొక అడుగు ముందుకు వేసి, కథలో 15 ఘట్టాలను గుర్తించి, ఏ ఘట్టం ఏ పుటలో రావాలో కూడ నిర్ణయించాడు. ఈ పుస్తకాలు చదివి రచన నేర్చినవారు నేడు అన్ని దేశాలలోనూ ఉన్నారు.

అయితే కథకు కొలతలు వేయడం పాశ్చాత్యులతోనే మొదలైన విద్య కాదు. భరతముని నాట్యశాస్త్రం కార్యానికి ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని అయిదు అవస్థలను చెప్పింది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని అయిదు సంధులను, వాటికి 64 అంగాలను పేర్కొన్నది. బీజం పడడం, మొలకెత్తడం, ఆశ కలగడం, ఆ ఆశకు విఘాతం ఏర్పడడం, చివరకు ఫలం దక్కడం అన్న ఈ క్రమం నేటి ఏ చిత్రానికైనా చాలవరకు సరిపోతుంది.

మరి ఆ శాస్త్రాన్ని మన పెద్దలు ఎలా గ్రహించారు? తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీనికి సూటిగా సమాధానమిచ్చాడు. సంధులనూ సంధ్యంగాలనూ రసం వ్యక్తం కావడానికై కూర్చాలే గాని, శాస్త్రం చెప్పింది గదా అని కేవలం దాని తృప్తి కోసం కూర్చరాదని ఆయన అభిప్రాయం. అంతటితో ఆగక వేణీసంహార నాటకాన్ని ఉదాహరించాడు. కురుక్షేత్ర సంగ్రామం ముంచుకు వచ్చిన వేళ, ద్వితీయాంకంలో ‘విలాసం’ అనే సంధ్యంగం ఉండాలన్న నియమం కోసం శృంగార సన్నివేశాన్ని చొప్పించడం ప్రకృత రసానికి పొసగలేదని ఆక్షేపించాడు. కథ ఉద్విగ్నంగా నడుస్తుండగా లెక్క ప్రకారం పాట పడాలి గనుక నాయికా నాయకులను ఉద్యానవనానికి పంపే చిత్రాలను చూసి విసిగిన ప్రేక్షకునికి ఈ ఆక్షేపణ కొత్తగా తోచదు.

తెలుగు తరగతిలో ఛందస్సు నేర్చిన విద్యార్థికి ఈ విషయం మరింత సులువుగా బోధపడుతుంది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, రెండవ అక్షరానికి ప్రాస నియమం. తిక్కనకూ ఇదే కొలత, పోతనకూ ఇదే కొలత. అయినా ఇద్దరి పద్యాలూ పక్కపక్కన చదివితే ఎవరిది ఏదో చెవికే తెలిసిపోతుంది. గణాలు అందరివి, గొంతు మాత్రం కవిది. అయితే ఛందస్సు పద్యం నడకను నిర్ణయిస్తుంది గాని, ఫలానా పాదంలో ఫలానా భావమే రావాలని శాసించదు. సూత్రం కథ నడకను దిద్దినంతకాలం అది మేలే చేస్తుంది. కథలోని మనుషులు ఏమి అనుభవించాలో కూడ అదే నిర్ణయించబూనినప్పుడు రచయితకు మిగిలేది లేఖకుని పని.

ఈ తారతమ్యానికి తెలుగువారి ఎదుట గొప్ప దృష్టాంతం ఉన్నది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ 1957లో విడుదలైంది. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేని కథ. జానపదుల నోట, సురభి వారి నాటకాలలో ఆ కథ నలిగింది. 1936లోనే ఒకమారు చలనచిత్రంగా వచ్చింది. ప్రేక్షకులకు తెలియని మలుపు అందులో దాదాపు లేదు. సంధులతో సరిచూస్తే కొలతకు చక్కగా ఒదుగుతుంది. శశిరేఖాభిమన్యుల బాల్యంలో పెద్దలు అనుకున్న పెళ్లి బీజం. పాండవులు రాజ్యం కోల్పోగానే ఆ మాట తప్పడంతో సంఘర్షణ మొదలవుతుంది. ఘటోత్కచుడు తోడు రావడంతో ఆశ చిగురిస్తుంది. మాయా శశిరేఖ గుట్టు బయటపడుతుందేమోనన్న శంక విమర్శ సంధి. వివాహంతో నిర్వహణం.

ఇంత పాత చట్రంలో కొత్తది ఏమిటి? కథ, మాటలు, పాటలు సమకూర్చిన పింగళి నాగేంద్రరావు గొంతు. ద్వాపరయుగపు విందులో గోంగూరకు అగ్రపీఠం వేయడానికి ఆయన సంకోచించలేదు. ‘అసమదీయులు’ అన్న మాటకు జతగా ‘తసమదీయులు’ అనే పలుకును పుట్టించి రాక్షసుల నోట పెట్టాడు. అది నేటికీ తెలుగు ఇళ్లలో చెల్లుబాటవుతున్నది. పాండవుల కష్టాలే కథకు మూలమైనా పాండవులు తెరపై కనిపించకపోవడం ఆ చిత్రంలోని మరొక సాహసం. ఏ సూత్రగ్రంథమూ ఇటువంటివి చెప్పదు.

గమనార్హమైన అంశం ఇంకొకటి. అదే సంవత్సరం అదే సంస్థ ఈ చిత్రాన్ని తమిళంలోనూ నిర్మించింది. కృష్ణునిగా ఎన్.టి. రామారావు, ఘటోత్కచునిగా ఎస్.వి. రంగారావు, నాయికగా సావిత్రి రెండింటిలోనూ నటించారు. కథ కట్టుబాటు ఒక భాషనుండి వేరొక భాషకు చెక్కుచెదరక చేరింది. పలుకు మాత్రం అలా చేరదు. తమిళ ప్రేక్షకునికి తమిళంలోనే మరల పుట్టవలసి ఉంటుంది. రెండు భాషల నడుమ పెరిగిన ఈ సభలోని వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక సూత్రానికి ఎదురు నిలిచిన చిత్రం 1980లో వచ్చిన ‘శంకరాభరణం’. కథానాయకుడు వృద్ధుడైన సంగీత విద్వాంసుడు. ఆ పాత్రధారి జె.వి. సోమయాజులు రంగస్థల నటుడే గాని వెండితెర తార కాదు. పోరాటాలు లేవు, యువనాయకుని విజయగాథ లేదు. ఆనాటి వ్యాపార లెక్కలలో దేనికీ అందని ఆ చిత్రాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు. జాతీయ పురస్కారాలు వెదకుకుంటూ వచ్చాయి. అయితే దాని దర్శకుడు కె. విశ్వనాథ్ మొదట వాహినీలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేసి, 1960ల దశకం నుండి అందరివంటి కుటుంబ కథాచిత్రాలు తీసి చేయి తిప్పుకున్నవారన్న సంగతి మరువరాదు. స్వరం వినిపించడానికి ముందు ఆయన సుదీర్ఘకాలం సాధకం చేశారు.

సూత్రాన్ని పూర్తిగా తృణీకరించేవారు ఆలోచించవలసినది మరొకటి. పద్యం తప్పితే కాగితం నష్టం. చిత్రం తప్పితే నిర్మాత ఆస్తి, ఎందరో పనివారల జీవనం దెబ్బతింటాయి. అందుచేత నిర్మాత పరీక్షకు నిలిచిన దారి అడగడం తప్పు కాదు. కాని పరీక్షకు నిలిచినవన్నీ నిన్నటి విజయాలే. ‘శంకరాభరణం’ విడుదలకు ముందు ‘శంకరాభరణం’ సూత్రం లేదు. సూత్రం జరిగినదాన్ని వివరించగలదు. జరగబోయేదానిని రచయితే ఊహించాలి.

ఈ రెంటికీ పొత్తు కుదిరే మార్గం రచనాక్రమంలోనే ఉన్నది. తొలి ప్రతి వ్రాసేటప్పుడు రచయిత తనకు తెలిసిన మనుషులను, తాను విన్న మాటలను నమ్ముకోవాలి. ముగిసిన తరువాత సూత్రాన్ని ముందు పెట్టుకుని ప్రశ్నించుకోవాలి: బీజం ఎక్కడ పడింది? ఆశ ఎక్కడ కలిగింది? నడుమ కథ ఎందుకు సాగిలపడింది? వైద్యుని చేతి నాడిలాగ సూత్రం జబ్బును చూపుతుంది; ప్రాణం పోయడం దాని పని కాదు.

ఈ మాట తరగతి గదికీ వర్తిస్తుంది. ఉపోద్ఘాతం, విషయం, ఉపసంహారం అన్న వ్యాస క్రమాన్ని నేర్పక తప్పదు. అయితే ‘మా ఊరి సంత’ అన్న వ్యాసం నలభై పుస్తకాలలోనూ గైడులోని సంతగానే ఉంటే, క్రమం నిలిచి పిల్లవాడు మాయమైనట్లే. అమ్మమ్మ ఇంట వాడే తెలుగు పలుకుబడి, అరవపు మాట కలిసి వచ్చే మన ఇళ్ల యాస, కోయంబేడు అంగడిలో విన్న బేరం ఆ వ్యాసంలో కనబడినప్పుడు వాటిని వెంటనే ఎర్రసిరాతో కొట్టివేయక, ముందు చదివి ఆనందించి, పిమ్మట దిద్దే ఉపాధ్యాయుడు ధన్యుడు. తెలుగునాటికి దూరంగా ఉన్న తెలుగువారికి ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. వ్యాకరణం పుస్తకంలో భద్రంగానే ఉంటుంది. పలికేవారు లేకుంటే అంతరించేది ఆ ఇంటి గొంతు.

గణాలు నేర్పే గురువులు, గొంతు నిచ్చే తల్లిదండ్రులు, ఈ రెంటినీ కలుపుకుని వ్రాసే పిల్లలు ఈ పాఠశాలకు ఎల్లకాలం ఉందురు గాక. స్వస్తి.