ట్రాక్ దినమునకు కారును సిద్ధపరచుట



నేటి ప్రసంగమునకు విషయము స్పోర్ట్సు కారును ట్రాక్ దినమునకు సిద్ధపరచుట. ఈ మాట చెవిని బడినంతనే నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల శ్రోతలలో కొందరు, "వానకై మబ్బు వంక చూచు మెట్టనేలలో ఈ విలాసపు ముచ్చట యెందులకు?" అని యనుకొనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మన ప్రాంతముల గుండ రెండు గొప్ప రహదారులు పోవుచున్నవి. హైదరాబాదునుండి బెంగుళూరునకు బోవు 44వ జాతీయ రహదారి షాద్‌నగరు, జడ్చర్ల, కొత్తకోటల మీదుగను, విజయవాడకు బోవు 65వ రహదారి చౌటుప్పల, నకిరేకల్లు, సూర్యాపేటల మీదుగను సాగును. చేతిలో వేగము గల కారున్న యువకుడు ఆ వెడల్పైన దారిని చూచి దానినే పందెపు బాటగా భావించును. అదే దారి కోతలకాలమున రైతునకు కళ్లమగును. అంచున వడ్లు ఆరబోసి యుండును. గొల్లవాని మంద అడ్డముగ దాటును. వెనుక దీపము లేని ట్రాక్టరు చీకటిలో మెల్లగ పోవుచుండును. వేగమును కోరుట నేరము కాదు; దానిని ఇతరుల ప్రాణములమీదుగ తీర్చుకొనుట నేరము. చట్టమును అట్లే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 189వ సెక్షను, 2019 సవరణ తరువాత, అనుమతి లేక బహిరంగస్థలమున పందెములాడువానికి మొదటి తప్పునకే మూడు నెలలవరకు ఖైదుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధించుచున్నది.

మరి ఆ కోరికను తీర్చుకొనుటకు తగిన చోటు కలదా? కలదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదున హుస్సేనుసాగరు ఒడ్డున విద్యుత్తుతో నడచు ఫార్ములా-ఇ కార్ల పందెము జరిగినది. ఫ్రాన్సు దేశీయుడగు జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆనాడు గమనింపదగినది గెలుపు మాత్రమే కాదు. 2.83 కిలోమీటర్ల ఆ చుట్టుబాటను సామాన్యుల రాకపోకలకు మూసి, ఇరువైపుల అడ్డుగోడలు నిలిపి, జెండాలు పట్టినవారిని మలుపు మలుపునకు నియమించిన పిదపనే కార్లను విడిచిరి. వేగమునకు ముందు కావలసినది ఈ కట్టుదిట్టము.

ఇట్టి కట్టుదిట్టము నిత్యముగ నుండు బాటలు మన దక్షిణదేశమున ఉన్నవి. మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు మొదట షోలవరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలముపై పందెములు నడిపిరి. పిమ్మట శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల బాటను నిర్మించిరి. అది 1990లో తెరువబడినది. దానికి పన్నెండు మలుపులు. కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే అను చిన్నబాట గూడ కలదు. ఇట్టి బాటలపై పందెములే కాక, ట్రాక్ దినములును జరుగును. ట్రాక్ దినమనగా, రుసుము చెల్లించి, ఎవరి సొంత కారును వారు మూసిన బాటపై కొన్ని విడతలుగ నడుపుకొను దినము. అచ్చట గెలుపు లేదు, బహుమానము లేదు. నేర్చుకొనుట కలదు.

నల్లగొండవారు మిర్యాలగూడ, అద్దంకి, ఒంగోలు, నెల్లూరుల మీదుగను, మహబూబునగరమువారు కర్నూలు, అనంతపురము, బెంగుళూరుల మీదుగను శ్రీపెరుంబుదూరు చేరవచ్చును. ఏ దారి పట్టినను అయిదువందల కిలోమీటర్లకు మించిన ప్రయాణము. పందెగాండ్రు తమ కార్లను లారీపై తెచ్చుకొందురు. మన యువకుడట్లు కాదు. పొద్దంతయు బాటపై త్రిప్పిన కారులోనే మరల ఇంటికి రావలెను. కావున అతని సన్నాహమునకు రెండు గురులు: బాటపై నిలుపవలసినచోట కారు నిలువవలెను, దినము ముగిసిన పిదప ఇల్లు చేర్చవలెను. ఎంత వేగముగ పోవునన్నది ఈ రెంటికిని తరువాతి మాట.

మన పట్టణములలో మోటారు మేస్త్రీల దుకాణములకడ వినవచ్చు సంభాషణము ఒకటి కలదు. కుర్రవాడు వచ్చి, "అన్నా, గీ బండి ఎంత స్పీడు పోతది?" అని యడుగును. అనుభవము గల మేస్త్రీ, "పోవుడు సరే తమ్మీ, ఆగుడు సంగతి చూసినవా?" అనును. ఆ మేస్త్రీ మాటలోనే శాస్త్రమంతయు ఉన్నది.

ఎట్లనగా, వేగము రెట్టింపైనచో కారులోని చలనశక్తి నాలుగింతలగును. 1,200 కిలోల కారు గంటకు 144 కిలోమీటర్ల వేగమునుండి మలుపు ముందర 72 కిలోమీటర్లకు తగ్గవలెననుకొందము. ఆ కొన్ని క్షణములలో వదలవలసిన శక్తి రెండు లీటర్లకు మించిన చన్నీళ్లను మరుగబెట్టుటకు చాలును. పొయ్యిమీద ఆ పనికి ఎన్ని నిమిషములు పట్టునో మన గృహిణులకు తెలియును. ఆ వేడిలో అధికభాగము చక్రములకడ నున్న బ్రేకు డిస్కులలో పుట్టును. చుట్టునకు నాలుగైదు మారులు, విడతకు పది చుట్లు ఈ పని జరుగునప్పుడు డిస్కులు చల్లారుటకు తీరిక యెక్కడ? ఇంటి దారిలో అప్పుడప్పుడు నొక్కు బ్రేకునకును, బాటపై నొక్కు బ్రేకునకును ఇదే భేదము.

ఈ భేదమును కొంత ఎరిగినవారు మనలో ఉన్నారు. నల్లమలలో మన్ననూరు దాటి, దోమలపెంట మీదుగ శ్రీశైలమునకు కృష్ణవైపు ఘాటు దిగునప్పుడు, గేరు వాడక బ్రేకుమీదనే బండిని దింపిన డ్రైవరునకు కాలిన వాసన తెలియును. కాలికింద పెడలు మెత్తబడుటయు తెలియును. ట్రాక్ దినమున అదే స్థితి మరింత త్వరగా వచ్చును.

దీనికి మొదటి చికిత్స ద్రవమును మార్చుట. మనవారు బ్రేకు ఆయిలని పిలుచునది నిజమునకు నూనె కాదు. అది గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. వానకాలమున మూత తీసిన జాడీలోని ఉప్పు చెమ్మగిల్లినట్లు ఇదియు ఏండ్లమీద నీరు పట్టును. డాట్ 4 రకము కొత్తదిగ ఉన్నప్పుడు మరుగుటకు కనీసము 230 డిగ్రీల సెల్సియసు వేడి కావలెనని ప్రమాణము. తేమ పట్టిన పిదప ఆ కనీసము 155 డిగ్రీలకు దిగును. డాట్ 5.1 రకమునకు ఈ అంకెలు 260, 180. ద్రవము మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము అణగదు గాని ఆవిరి అణగును. అప్పుడు మన కాలి బలమంతయు ఆ బుడగలను అణచుటకే చెల్లి, పెడలు అడుగునకు దిగును, కారు ఆగదు. కావున బాటకు బోవు ముందు పాత ద్రవమును పూర్తిగా దింపి, ముద్ర తీయని డబ్బాలోని కొత్త ద్రవమును నింపి, గాలి యంతయు పోవునట్లు నాలుగు చక్రములకడను విడువవలెను. డాట్ 5 అనునది సిలికోను జాతి. పేరు దగ్గరగ ఉన్నదని దానిని ఇతర రకములతో కలుపరాదు.

రెండవది బ్రేకు ప్యాడ్లు. సగమైనను మందము మిగిలియున్నవే బాటకు అర్హములు. పలుచని ప్యాడు వేడిని త్వరగా లోపలి ద్రవమునకు చేర్చును. కొత్త ప్యాడ్లు వేసినచో వానిని ముందుగనే, ఖాళీ దారిలో మితమైన వేగమున, పలుమారులు నొక్కి విడుచుచు డిస్కునకు ఒరపు పట్టించవలెను. డిస్కులలో చీలికలున్నచో మార్చవలసినదే.

ఇక టైర్లు. నేలను అంటియుండు భాగము చక్రమునకు అరచేయి పాటిది మాత్రమే. కారు ప్రాణము ఆ నాలుగు అరచేతులలో ఉన్నది. ప్రక్కగోడపై నాలుగంకెల ముద్ర యుండును: 2322 అని యున్నచో 2022వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గాడులు నిండుగ ఉన్నను, ఎండకు ఎండి బిరుసెక్కిన పాతటైరు పట్టు విడుచును. నల్లగొండ వేసవి 45 డిగ్రీలు దాటు నేల గనుక మనము ఇది మరువరాదు. గాలి విషయము వినుడు. ఉదయము చల్లగ నున్నప్పుడు చదరపుటంగుళమునకు 32 పౌనులు పట్టిన టైరు, లోపలిగాలి 30 డిగ్రీలనుండి 70 డిగ్రీలకు వేడెక్కినచో 38 పౌనుల వరకు చేరును. గట్టిపడిన టైరు జారును. అందుచేత విడత ముగియగనే కొలిచి, తయారీదారు సూచనను అనుసరించి కొంత గాలి తీయుదురు. సాయంకాలము టైర్లు చల్లారిన పిదప ఆ గాలిని మరల నింపక ఇంటిదారి పట్టరాదు. ఈ చిన్నపనిని మరచినవాడు గాలి చాలని టైర్లతో రాత్రంతయు రహదారిపై ప్రయాణము చేయును.

పెద్దగట్టు లింగమంతుల జాతరకు బండి కట్టు రైతు ఇరుసునకు కందెన వేసి, కడసీల గట్టిగ నున్నదా యని తట్టి చూచిన తరువాతనే ఎడ్లను పూన్చును. మోటారు కారునకు కడసీల వంటివి చక్రపు నట్లు. వానిని కాలితో తొక్కి బిగించుట మన దుకాణములలో వాడుక. అది తగదు. ఎంత బలమున బిగింపవలెనో కారుతో వచ్చిన పుస్తకమున ఉండును. ఆ కొలత చూపు టార్కు పానాతోనే బిగింపవలెను. మొదటి విడత పిదప చక్రములు చల్లారిన వెంటనే మరల పరీక్షింపవలెను.

ఇంజనునకు ఆయిలు కొత్తది పోసి, కొలకమ్మిపై పై గీతవరకు ఉంచవలెను, దానిని మించరాదు. సుదీర్ఘమైన మలుపులో ఆయిలంతయు ఒక ప్రక్కకు పోవును. మట్టము తక్కువగ నున్నచో పంపు ఆయిలునకు బదులు గాలి పీల్చును. క్షణములలో బేరింగులు అరుగును. రేడియేటరు గొట్టములను వ్రేళ్లతో నొక్కి మెత్తబడినవానిని మార్చవలెను. బ్యాటరీ కదలకుండ బిగియించవలెను. ఈ పనులన్నియు దినమునకు ఒక వారము ముందే ముగియవలెను. బయలుదేరు రాత్రి విప్పిన బోల్టు ఉదయమునకు సరిగా బిగిసినదో లేదో పరీక్షించుటకు సమయముండదు.

కారులోపల నీళ్లసీసా, గొడుగు, పాదముల క్రింది చాప, అదనపు చక్రము, జాకీ మొదలగు వదులు వస్తువులను బాటకడ దింపి భద్రపరుపవలెను. దొర్లిన సీసా బ్రేకు పెడలు క్రింద చేరినచో మీరు చేసిన సన్నాహమంతయు వ్యర్థము. నడుపువాడు కూడ సిద్ధపడవలెను: సరిపోయిన హెల్మెట్టు, నిండుచేతుల నూలుబట్టలు, పలుచని అడుగు గల బూట్లు, చాలినంత నిద్ర. ఒకమాట ముఖ్యము. సాధారణమైన కారు బీమాపత్రము పందెములకును, వేగపరీక్షలకును వర్తింపదని అందులోనే వ్రాసియుండును. పోవుటకు ముందు ఆ షరతును చదివి, బాటపై నష్టమును భరింపగలరా యని ఆలోచించుకొనుడు.

బాటపై మొదటి రెండు చుట్లు మెల్లగ పోయి టైర్లను, బ్రేకులను కాగనిండు. పసుపుజెండా అపాయమును తెలుపును. అప్పుడు ఎవరిని దాటరాదు. నీలిజెండా వెనుక వేగవంతుడున్నాడని, దారి యిమ్మని చెప్పును. ఎర్రజెండా విడత ఆగినదని చెప్పును. చివరి చుట్టు బ్రేకును వీలైనంత తక్కువగ వాడుచు కారును చల్లార్చుకొని లోనికి రావలెను. నిలిపిన పిదప చేతిబ్రేకు వేయరాదు. కాలియున్న డిస్కును ప్యాడు ఒకేచోట పట్టియుండిన డిస్కు చెడును. గేరులో వేసి, చక్రమునకు అడ్డు పెట్టిన చాలును.

ఇట్లు సిద్ధపడిన యువకుడు ఒక దినము బాటపై గడపి వచ్చిన పిదప, తన కారు ఎంత దూరమున ఆగునో మొదటిసారి నిజముగ తెలిసికొనును. ఆ జ్ఞానము కలిగినవాడు నకిరేకల్లు దగ్గరను, జడ్చర్ల దగ్గరను వడ్లు ఆరబోసిన దారిని చూచినంతనే కాలు తీయును. వేగము తెలిసినవాడే వేగమునకు వెరచును. ఆ వెరపు మన రహదారులపై నడచు పాదచారులకును, పశువులకును, ఆ యువకుని కొరకు ఇంటికడ మేలుకొనియున్న తల్లిదండ్రులకును మేలు చేయును. ఈ సన్నాహమునకు అగు వ్యయమును, శ్రమను ఆ లెక్కలో చూచుకొనవలెనని నా మనవి.