కార్డు కూడా అరువే



నగదుకు బదులు కార్డుతో సామాను కొనడం గురించి నాలుగు మాటలు చెప్పమని సొసైటీవారు కోరారు. మేము ఉర్దూ బడి పంతులం. బ్యాంకు వ్యవహారం మాకేం తెలుసని అడగవచ్చు. తెలియక చేతులు కాల్చుకున్నాం గనుకనే చెబుతున్నాం.

అరువు మన కొండలకు కొత్త కాదు. వెనకటి రోజుల్లో అరకు సంతకు దిగివచ్చిన గిరిజనుడు ఉప్పు, కిరసనాయిలు, బట్ట అరువుకు తీసుకొనేవాడు. చింతపండు, వలిసెలు చేతికొచ్చాక షావుకారు చెప్పిన ధరకే బాకీ కింద పోసేవాడు. ఆ షావుకార్లలో మనవాళ్ళు ఒక్కరూ లేరని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పలేం. ఇది చూసే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చెయ్యరాదని 1960లో రెగ్యులేషన్ తెచ్చారు.

అయినా ఆ కొట్టు ఖాతాకు ఒక గుణం ఉండేది. బాకీ పెరిగితే షావుకారు ముఖం ముడుచుకొనేవాడు. గోడ మీది "అప్పు రేపు" చూపించేవాడు. కార్డుకు ముఖం లేదు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును ఫోనులోని యూపీఐకి తగిలించుకొనే వీలు కూడా వచ్చింది. కొట్టులో అట్ట మీది గళ్ళ బొమ్మకు ఫోను చూపిస్తే చాలు, మన డబ్బు పోయిందో అరువు పెరిగిందో ఆ క్షణాన తోచదు.

మా ఇంట్లో ఒక ఏడు రంజాన్ బట్టలు, కిరాణా, పిల్లవాడి ఫోను అన్నీ కార్డు మీదే కొన్నాం. బిల్లు 20,000. కింద "కనీసం కట్టవలసినది 1,000" అని ఉంది. నెలనెలా అంత మేరకే కట్టి, బాకీ తీరుతోందని నిశ్చింతగా ఉన్నాం. నాలుగు నెలలకు అనుమానం వచ్చి నల్లబల్ల మీద మొదటి నెల లెక్క వేశాం. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ 700. ఆ వడ్డీ మీద జీఎస్టీ 126. మేము కట్టిన వెయ్యిలో అసలుకు జమ పడింది 174 రూపాయలు! పిల్లలకు మేమే చెప్పే లెక్క అది. పైగా పాత బాకీ నిలిచి ఉండగా కొన్నదానికి గడువు ఉండదట, కొన్నరోజు నుంచే వడ్డీ. ఆ కార్డుతో ఏటీఎంలో నగదు తీసినా అంతే.

ఏడాదికి నూటికి 30 దాటిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, అల్ బఖరా 282, అప్పును రాసుకోవడం గురించే. రాయమంటుంది, సాక్షుల్ని పెట్టమంటుంది. గడువులోగా పూర్తిగా కట్టేవాడికి కార్డు చెల్లుతుందా అంటే ఉలమాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. మేము ముఫ్తీలం కాము. కాని కనీస మొత్తం కట్టి ఊరుకునేవాడు సూద్ కడుతున్నట్టే, అందులో రెండో మాట లేదు.

మేము కార్డు విరిచి పారెయ్యలేదు. దాని మీద ఏది కొన్నా మా ఇంటావిడ అదే సాయంత్రం నోటుబుక్కులో ఉర్దూలో రాస్తుంది, అంత డబ్బూ రేకుపెట్టెలో వేస్తుంది. పెట్టెలో వెయ్యడానికి లేని రోజున కొనం. మొదట్లో ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది, ఇప్పుడు మేమే లెక్క చెప్పడానికి భయపడుతున్నాం.

సభ అయ్యాక వెనక బల్ల దగ్గర కూర్చుంటాం. మీ బిల్లు కాగితం తెండి, వడ్డీ ఎంతో, అసలెంతో కలిసి చూద్దాం.