విత్తునాటి వర్తమానము

యంత్రమునకు నేర్పు విద్య పరిశోధనశాల వీడి పొలముగట్టునకు వచ్చు విధమెట్టిదో చూడ మనము దూరదేశములకు పోనక్కరలేదు. మన కర్నూలు సీమలోని దేవనకొండ మండలమే చాలును. 2016 ఖరీఫునందు పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులును, మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లును, రాష్ట్ర ప్రభుత్వమును గూడి, 1986 మొదలు 2015 వరకు గల వాతావరణపు లెక్కలను పరిశీలించి, నేల తేమ విత్తుటకు చాలునో చాలదో యంత్రముచే గణింపజేసి, వేరుసెనగ వేయదగిన అదనును 175 మంది రైతులకు తెలుగు సందేశములుగా సామాన్యపు సెల్‌ఫోన్లకే పంపిరి.

ఇట్టి బృందమును నడపువానికి గణితముకన్న కఠినమైన పని వేరొకటి కలదు. తొలకరి చినుకు పడగానే గొర్రు కట్ట నుద్యుక్తుడగు రైతుతో 'ఇంకను ఆగుము' అనుటయే ఆ పని; ఆ మాట తప్పినచో విత్తనపు ఖర్చంతయు అతని నెత్తినే పడును గదా! కావున అంచనాను శాస్త్రజ్ఞుడు సరిచూచినపిదపనే సందేశము కదలవలయును. పైరు కోతకు వచ్చిన వెనుక ఫలితమును మరల యంత్రమునకు నేర్పవలయును.

సగటున నూటికి ముప్పది వంతుల దిగుబడి హెచ్చెనని నిర్వాహకులు ప్రకటించిరి. ఒక్క కారు పంటతో తీర్పు చెప్పుట తొందరయే యని నా తలంపు. అయినను మరుసటి యేడు ఆంధ్ర, కర్ణాటకములలో మూడువేలకు పైబడిన రైతులకు ఈ సలహాలందెను.