లింకన్ ఆజ్ఞ – మా ఇంటి కంబారి

(ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో జరిగిన చర్చాసభలో చేసిన ముగింపు ప్రసంగ పాఠం)



"యుద్ధకాలపు అధ్యక్షుడు అబ్రహాం లింకన్ నిజంగా బానిసల విమోచకుడేనా?" అన్న విషయం మీద మన పిల్లలు గంటన్నరసేపు వాదించుకున్నారు. ఒక పక్షం ఆయన్ని దేవుణ్ణి చేసింది. రెండో పక్షం ఉత్త రాజకీయ నాయకుణ్ణి చేసింది. తీర్పు చెప్పమని నన్ను నిలబెట్టారు. నేను వైమానిక దళంలో పనిచేసి రిటైరైన మనిషినే గాని చరిత్ర పండితుణ్ణి కాను. ఆజ్ఞ అంటే ఏమిటో మాత్రం కాస్త తెలుసు.

రెండో పక్షం చెప్పినవి అబద్ధాలు కావు. 1861లో జనరల్ ఫ్రిమాంట్ మిస్సోరీలో తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటిస్తే లింకన్ రద్దు చేశారు. 1862లో జనరల్ హంటర్ ప్రకటననూ రద్దు చేశారు. తన లక్ష్యం దేశాన్ని కాపాడటమేననీ, ఒక్క బానిసనూ విడిపించకుండా అది సాధ్యమైతే అలాగే చేస్తాననీ ఆ ఏడాది ఆగస్టులో ఒక సంపాదకుడికి ఉత్తరం రాశారు. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. తన వైపున్న కెంటకీ, మేరీలాండ్, మిస్సోరీ, డెలవేర్‌లలో బానిసలు బానిసలుగానే ఉండిపోయారు. దానికి ఆరు రోజుల ముందే మిన్నెసోటాలో 38 మంది డకోటా ఆదివాసులను ఒకేసారి ఉరితీశారు. సైనిక విచారణ 303 మందికి మరణశిక్ష వేస్తే లింకన్ కాగితాలు తెప్పించుకుని చూసి చాలామందిని తప్పించిన మాట నిజమే. కాని ఆ 38 మంది ఉరికి అనుమతి ఇచ్చిందీ ఆయనే.

ఇక మొదటి పక్షం. ఆ ప్రకటన సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో ఇచ్చిన యుద్ధాజ్ఞ. అందుకే అది శత్రుభూమి దాటలేదు. కాని అదే ఆజ్ఞ నల్లవారికి సైన్యం తలుపు తెరిచింది. యుద్ధం ముగిసేలోగా దాదాపు 1,80,000 మంది చేరారు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టలకని 3 కోత. మసాచుసెట్స్ 54వ రెజిమెంటు వాళ్ళు ఆ జీతం ముట్టుకోకుండానే పోరాడారు. 1864 జూన్‌లోగాని సమాన జీతం రాలేదు. యుద్ధాజ్ఞ యుద్ధంతోనే పోతుందేమోనని లింకన్ 13వ రాజ్యాంగ సవరణకు పట్టుబట్టారు. 1865 జనవరి 31న అది ప్రతినిధుల సభలో గెలిచింది. డిసెంబరులో రాష్ట్రాల ఆమోదం పూర్తయ్యేనాటికి ఆయన లేరు.

అయితే రెండు పక్షాలూ మరిచిపోయిన ముగ్గురు మనుషులున్నారు. 1861 మే నెలలో, అంటే విముక్తి ప్రకటనకు ఏడాదిన్నర ముందు, వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవెక్కి మన్రో కోటకు వచ్చారు. అప్పటిదాకా శత్రువు ఫిరంగుల కోసం మట్టి మోసినవాళ్ళు. యజమాని తరఫున ఒక అధికారి వచ్చి అప్పగించమన్నాడు. కోట అధిపతి జనరల్ బట్లర్ వకీలు కూడాను. "బానిస ఆస్తి అంటున్నారు కదా, శత్రువు ఆస్తిని జప్తు చేశాను" అనే వాదం లేవదీసి అప్పగించలేదు. ఆ కబురు పాకి వందలు, వేలు నడిచి వచ్చారు. వాళ్ళు అలా గేటు దగ్గరికి రాకపోతే లింకన్ బల్ల మీదికి ఆ ఫైలు అంత తొందరగా వచ్చేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు నా సంగతి. నేను పుట్టింది ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్‌లోనే. నాన్నగారిది వర్క్‌షాపులో ఉద్యోగం. ఊరు శ్రీకాకుళం వైపు. ఊళ్ళో ఒకతను నాన్నగారి దగ్గర రెండు వందలు అప్పు తీసుకుని, తీర్చలేక పదేళ్ళ కొడుకుని మా ఇంటికి పంపాడు. కారా మాస్టారి 'యజ్ఞం' చదివినవారికి కంబారితనం గురించి నేను చెప్పనక్కర్లేదు. ఊళ్ళో పొలంలో ఉండే కంబారి మా క్వార్టర్‌లో నీళ్ళు మోశాడు, అంతే తేడా.

1971 యుద్ధంలో నేను తూర్పు రంగంలో ఒక స్థావరంలో ఉన్నాను. తర్వాత సెలవు మీద వస్తే స్టేషన్లో నాకు దండలు వేశారు. నా ట్రంకుపెట్టె అతని నెత్తినెక్కింది. దారిలో అడిగాడు: "చిన్నబాబూ, ఆళ్ళకి సొతంత్రం వొచ్చీసిందా?" వచ్చేసిందిరా అన్నాను. "మరయితే మా అయ్య బాకీ ఎంత మిగిలిందో పెద్దబాబుగోర్ని ఓపాలి అడగరా?" అన్నాడు.

నేను అడగలేదు. నాన్నగారంటే భయం అని సర్దిచెప్పుకున్నాను. ఫిరంగులకు భయపడనివాణ్ణి!

రెండేళ్ళ తర్వాత అతను ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడని ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాయి. అలాంటి అప్పులు చెల్లవని చట్టం చెప్పింది. కాని అతను చట్టం కోసం ఆగలేదు, నా కోసం అంతకన్నా ఆగలేదు.

కాబట్టి పిల్లలూ, నా తీర్పు ఇది. నడిచి వచ్చినవాళ్ళ ఘనత లింకన్ ఖాతాలో వేయకండి. ఆయన ఆలస్యం చేశారు, లెక్కలు వేశారు, తప్పులూ చేశారు. కాని తలుపు తీశాక, ఎన్నికల్లో ఓడిపోతానన్న భయం ఉన్నా, మళ్ళీ మూయలేదు. ఆ మాత్రం నేను మా ఇంట్లో చెయ్యలేకపోయాను. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక, మన గేటు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూసుకుందాం.

సెలవు. జై హింద్.