పిల్లల ఆటకు రోజూ అరగంట

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువు పేరుతో నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను. మా అబ్బాయి ఐదేళ్ళప్పుడు, పాత విత్‌డ్రాయల్ ఫారాలు ముందేసుకుని "నేను క్యాషియర్ని" అంటూ ఆడుకునేవాడు. ఆఫీసునుంచి అలసి వచ్చిన నేను వాటిని లాగేసి ఎక్కాల పుస్తకం చేతికిచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు వాడు ఆ ఆట మానేశాడు. నాతో కబుర్లు చెప్పడమూ తగ్గించాడు. అదే క్రమశిక్షణ అనుకున్నాను.

పోయిన వేసవి సెలవులకు వాడి కొడుకు భువనేశ్వర్ నుంచి బరంపురం వచ్చాడు. వాడికీ ఐదేళ్ళే. బడిలో ఇంగ్లీషు, స్నేహితులతో ఒడియా. తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. నాన్నమ్మ పలకరిస్తే తల ఊపి ఊరుకునేవాడు. "తెలుగులో చెప్పు" అని నేను గద్దించినకొద్దీ ముడుచుకుపోయాడు.

ఒకరోజు బల్ల అడ్డంపెట్టి బ్యాంకు తెరిచాను. చింతపిక్కలు డబ్బు, చొక్కా గుండీలు టోకెన్లు, వాడే క్యాషియరు, మా ఆవిడ ఖాతాదారు. ఆమెకు ఇంగ్లీషు రాదు కనుక క్యాషియరుగారికి తెలుగు మాట్లాడక తప్పలేదు. మూడోనాడు "టోకెన్ నెంబరు నాలుగు ఎవరండీ? డబ్బు లెక్కపెట్టుకోండి" అని కేకేశాడు. పదికి ఒక పిక్క తగ్గితే తనే మళ్ళీ లెక్కపెట్టాడు.

ఇది నేను కనిపెట్టిన కొత్త పద్ధతేమీ కాదు. గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పి ఆటలతో, కథలతో చిన్నపిల్లలకు చదువు చెప్పారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటల ద్వారా నేర్పమంటోంది. మన ఇళ్ళలో గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు ఎప్పటినుంచో ఉన్నవే.

రోజుకు అరగంట చాలు. కుర్చీలు పక్కకు జరిపి "ఏనుగులా నడువు, కొంగలా ఒంటికాలిమీద నిలబడు, కప్పలా గెంతు" అనండి. విన్న మాటను ఒంటితో చేస్తే అది బాగా గుర్తుంటుంది. చప్పట్లు కొడుతున్నంతసేపు గెంతి, ఆపగానే బొమ్మలా నిలబడమనండి. తనను తాను అదుపులో పెట్టుకోవడం అలా అలవాటవుతుంది. తువ్వాలు తలపాగా చుట్టుకుని కూరలమ్మితే మీరు బేరమాడండి. కథ వాళ్ళనే నడపనివ్వండి. మాట తప్పు పలికితే ఆట ఆపి దిద్దవద్దు, మీ జవాబులో సరైన మాట వాడితే చాలు. ఇష్టం లేనినాడు బలవంతం చేయకండి.

విద్యార్థులకు ఒక మాట. మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ అరగంట మీరివ్వండి. మీ చదువుకూ అది విశ్రాంతే.

పిల్లవాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన మా అబ్బాయి గుమ్మంలో నిలబడి ఆ ఆట కాసేపు చూశాడు. తర్వాత తనూ వెళ్ళి నాన్నమ్మ వెనక వరుసలో నిలబడి టోకెన్ అడిగాడు. ఒకప్పుడు నేను మూయించిన కౌంటరు అది. మీరు మాత్రం మూయించకండి.