జూన్‌లోనే తేలిపోయే ఎన్నిక



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పేరు ఈ పుస్తకం అట్ట మీద ఉంది. లోపల పదేపదే వాడొద్దని కుటుంబం వాళ్లు కోరారు కాబట్టి నేను మాస్టారు అనే అంటాను. నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వర్జీనియాలోని ఆష్‌బర్న్ వచ్చారు. పౌరసత్వం తీసుకున్నాక ఇక్కడ ఒక్క ఎన్నిక కూడా వదల్లేదు. వర్జీనియాలో ఏటా ఏదో ఒక ఎన్నిక ఉంటుంది కనుక అది చిన్న సంగతేం కాదు.

మనవాళ్లు నలుగురు కలిసిన చోట ఓట్ల ప్రస్తావన వస్తే ఎక్కువగా వినపడేది ఒకటే: "ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ నచ్చలేదు, ఇక ఎవరికి వెయ్యాలండీ?" ఆ మాట విన్నప్పుడల్లా మాస్టారు, "జూన్‌లో వేశారా?" అని అడిగేవారు. జూన్‌లో జరిగేది ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ఎన్నిక. జవాబు సాధారణంగా ఉండేది కాదు.

ఆష్‌బర్న్ ఉన్నది వర్జీనియా పదో కాంగ్రెస్ నియోజకవర్గంలో. ఇక్కడి అప్పటి ప్రతినిధి జెన్నిఫర్ వెక్స్‌టన్ అనారోగ్యం వల్ల మళ్లీ పోటీ చేయనని 2023లో ప్రకటించారు. 2024 జూన్ 18న జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆ సీటు కోసం పన్నెండు మంది నిలబడ్డారు. సుహాస్ సుబ్రమణ్యం గెలిచారు. ఆయనకు వచ్చింది సుమారు 30 శాతం. రెండో స్థానంలో ఉన్న డాన్ హెల్మర్‌కు సుమారు 27. మొత్తం పోలైనవి 44 వేల చిల్లర ఓట్లు. అదే నవంబరులో ఆ నియోజకవర్గంలో నాలుగు లక్షల మందికి పైగా ఓటేశారు. పన్నెండు పేర్లలోంచి ఒక్క పేరు మిగల్చడం పదమూడు వేల పైచిలుకు ఓట్లతో అయిపోయింది. సుబ్రమణ్యంగారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నవంబరులో ఆయన సగానికి పైగా ఓట్లతో గెలిచారు. జూన్‌లో మిగతా 70 శాతం మందికి రెండో ఇష్టం ఎవరో ఎవరూ అడగలేదు, నా బాధ అంతవరకే.

రెండేళ్ల ముందు ఇదే నియోజకవర్గంలో ఇంకో రకంగా జరిగింది. 2022 మేలో రిపబ్లికన్ పార్టీ తన అభ్యర్థిని తానే నిర్వహించుకున్న ఓటింగుతో ఎంచుకుంది. పోటీలో పదకొండు మంది. పార్టీవాళ్లు ఓటర్లను ఒకటి, రెండు, మూడు అని వరస ఇమ్మన్నారు. అట్టడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్ల ఓట్లను తర్వాతి ఇష్టానికి మళ్లిస్తూ పోతే చివరికి హంగ్ కావ్ సగం దాటి నిలిచారు. అంతకు ముందు ఏడాది గవర్నరు అభ్యర్థిగా గ్లెన్ యంగ్‌కిన్‌ను ఆ పార్టీ ఎంచుకున్నదీ ఈ వరస పద్ధతిలోనే. ఈ వరస పద్ధతి వామపక్షం వాళ్ల ఎత్తుగడ అని మన దగ్గర కొందరంటారు. వాళ్లకు ఈ రెండు ఉదాహరణలు చెబుతుంటాను.

ఈ పద్ధతి మనకు కొత్తదీ కాదు. ఇలాగే వరస ఇచ్చే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. 2007లో శాసన మండలి మళ్లీ వచ్చినప్పుడు మాస్టారికి లెక్కింపు డ్యూటీ పడింది. ఆ పని ఎలా ఉంటుందో ఆయన చెప్పగా చాలాసార్లు విన్నాను. ముందు పెట్టెలన్నీ గుమ్మరించి కాగితాలు కలిపేస్తారు. ఇరవై అయిదేసి కట్టలు కడతారు. తర్వాత ఒక్కో కాగితం విప్పి, ఎవరి పేరు పక్కన 1 ఉందో చూసి ఆ గడిలో వేస్తారు. 1 బదులు టిక్కు పెట్టినా, సంతకం చేసినా, ఇద్దరికి 1 వేసినా అది చెల్లని ఓటు. ఎవరూ సగం దాటకపోతే తర్వాత మొదలవుతుంది ఎలిమినేషన్: అందరికన్నా తక్కువ వచ్చిన అభ్యర్థి కట్ట విప్పి, ప్రతి కాగితం మీదా 2 ఎక్కడుందో వెతకడం. కళ్లు లాగేసేవట. ఏజెంట్లు మెడలు చాచి చూస్తుంటారు, ఒక్క కాగితం మీద అరగంట వాదన.

2021 మార్చిలో నల్లగొండ, ఖమ్మం, వరంగల్ పట్టభద్రుల స్థానానికి 71 మంది పోటీ చేశారు. పల్లా రాజేశ్వర్ రెడ్డికి మొదటి ప్రాధాన్యతలో వచ్చింది దాదాపు 30 శాతం. తీన్మార్ మల్లన్న, కోదండరాం తర్వాతి స్థానాల్లో ఉన్నారు. నాలుగు రోజుల పాటు సాగిన లెక్కింపులో ఎలిమినేషన్ మీద ఎలిమినేషన్ జరిగి చివరికి పల్లానే గెలిచారు. "చూశావా, 30 శాతం దగ్గర నల్లగొండలో లెక్క మొదలైంది, మీ ఆష్‌బర్న్‌లో అక్కడే ఆగిపోతుంది" అని మాస్టారు 2024 జూన్‌లో నాతో అన్నారు.

అయితే ఆ ఎన్నికలో ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. వేసినవాళ్లంతా డిగ్రీ ఉన్నవాళ్లే! వరస పద్ధతి మీద వచ్చే అభ్యంతరాల్లో నేను గట్టిగా పట్టించుకునేది ఇదే. ఇక్కడ స్కానర్లు, కంప్యూటర్లు ఉన్నాయి కనుక నాలుగు రోజులు పట్టదు కానీ, అర్థం కాకపోవడం అనేది ఎక్కడైనా ఉంటుంది. మనకు దగ్గర్లో ఉన్న ఆర్లింగ్టన్ 2023 జూన్‌లో కౌంటీ బోర్డు ప్రైమరీకి మొదటిసారి ఈ పద్ధతి వాడింది. జనానికి అయోమయంగా ఉందన్న ఫిర్యాదులు రావడంతో ఆ నవంబరులో పక్కన పెట్టి, 2024లో మళ్లీ తెచ్చుకుంది. నేర్చుకునే వ్యవధి ఇవ్వాలని దాన్నిబట్టి తెలుస్తోంది.

పద్ధతి మారకుండా పేర్లు ఎక్కువైతే ఎంపిక పెరుగుతుందా? 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. వాళ్లలో చాలామంది గెలవాలని నిలబడలేదు, ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని నిలబడ్డారు. దాని తర్వాత ప్రభుత్వం చేసినది ఏమిటంటే డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచడం. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు అదే దారి పట్టారు, 185 మంది అభ్యర్థులతో. ఇక నోటా సంగతి: సుప్రీంకోర్టు 2013లో ఆ మీట ఇప్పించింది, కోపం తీర్చుకోవడానికి బాగుంది, కానీ దానికి ఎన్ని ఓట్లు పడినా అసెంబ్లీ, లోక్‌సభ సీట్ల ఫలితం మారదు.

ఆష్‌బర్న్‌లో మన చేతిలో ఉన్నదేమిటి? వర్జీనియా అసెంబ్లీ 2020లో చేసిన చట్టం ప్రకారం కౌంటీ బోర్డులూ నగర కౌన్సిళ్లూ కావాలనుకుంటే తమ ఎన్నికకు వరస పద్ధతి పెట్టుకోవచ్చు. కాంగ్రెస్, అసెంబ్లీ సీట్లు ఆ చట్టంలోకి రావు, వాటికి వరస పద్ధతి పార్టీలే సొంతంగా నిర్వహించుకునే ఎంపికలో మాత్రమే. ఆష్‌బర్న్‌కు మేయరూ లేరు, కౌన్సిలూ లేదు. మన వీధి పక్కన డేటా సెంటర్ వస్తుందా రాదా అన్నది చూసేది లీస్‌బర్గ్‌లో కూర్చునే తొమ్మిది మంది లౌడన్ కౌంటీ బోర్డు. 2025 మార్చిలో, బహిరంగ విచారణ లేకుండా డేటా సెంటర్ కట్టుకునే వెసులుబాటును రద్దు చేసినది ఆ బోర్డే. అంటే మనకు అన్నింటికన్నా దగ్గరగా తగిలే ఎన్నికకే ఈ దారి తెరిచి ఉంది. 2023లో ఆ తొమ్మిది సీట్లకూ పాత పద్ధతిలోనే ఓట్లు పడ్డాయి. తర్వాతి ఎన్నిక 2027లో.

ఒక ఇబ్బంది ఉంది. పాత పద్ధతిలో గెలిచినవాళ్లే ఆర్డినెన్స్ చేసి ఆ పద్ధతిని మార్చాలి. ఇంకో ఇబ్బంది మన లోపలిది. జూన్‌లో పోలింగ్ బూత్‌కు వెళ్తే టేబుల్ దగ్గర "ఏ పార్టీ బ్యాలెట్ ఇవ్వమంటారు?" అని అడుగుతారు. ఎక్కడ పార్టీ ముద్ర పడుతుందోనని మనవాళ్లు అక్కడికే వెళ్లరు. వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ అనే గడే లేదు. ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు, ఏ ప్రైమరీలో వేశారన్నది మాత్రం పార్టీల జాబితాలకు ఎక్కుతుంది. దాని వల్ల ఇంటికి నాలుగు కరపత్రాలు ఎక్కువ వస్తాయి, అంతే.

గ్రీన్‌కార్డు కోసం ఎదురు చూస్తున్నవాళ్లు ఈ గదిలో సగం మంది ఉన్నారు. వారికి ఓటు లేదు. లీస్‌బర్గ్ బోర్డు సమావేశాల్లో జనం మాట్లాడే సమయానికి మాత్రం ఓటరు కార్డు ఎవరూ అడగరు. మాస్టారు చివరి ఏడాది వెళ్లి మాట్లాడింది అక్కడే, నల్లగొండ లెక్కింపు గురించి, తెలుగు యాసలో ఉన్న ఇంగ్లీషులో.